చలికి సెల్లు చేతులెత్తేయకుండా: హాన్లే కోసం బ్యాటరీ పరీక్షలు

నక్షత్రాల ఫొటోల కోసం, ఆకాశం కదలికతో పాటే కెమెరాను మెల్లగా తిప్పే ట్రాకర్ ఒకటి కడుతున్నాను. అది నడిచేది రెండు 18650 (గొట్టం ఆకారపు) లిథియం అయాన్ సెల్లతో. వచ్చే అక్టోబరు అమావాస్యకి దాన్ని లద్దాఖ్‌లోని హాన్లేకి తీసుకెళ్లాలని సంకల్పం. అక్కడి అబ్జర్వేటరీ ఉన్న కొండ ఎత్తు సుమారు 4,500 మీటర్లు, రాత్రిళ్లు సున్నాకు బాగా కిందికి దిగిపోతాయి. మన హైదరాబాద్‌లో సంక్రాంతి ముందు చలి ఎంత వణికించినా మహా అయితే పది డిగ్రీల చుట్టుపక్కలే. ఆ చలిని సెల్లు పెద్దగా పట్టించుకోవు. అందుకే పరీక్షలన్నీ ఇంట్లో ఫ్రీజర్‌లోనే.

డిసెంబరు

పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌ నుంచి తీసిన సెల్ ఒకటి ఫుల్ చార్జ్ చేసి, జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని స్టీలు డబ్బాలో మూసి ఫ్రీజర్‌లో ఉంచాను. "తిండి పెట్టే చోట ఇవేంట్రా నాన్నా" అంది అమ్మ. డబ్బా మూత గట్టిదని చూపించాక ఒప్పుకుంది. వైర్లు తలుపు రబ్బరు సందులోంచి బయటికి తెచ్చాను. లోడుకు రెండు, మల్టీమీటర్‌కి వేరే రెండు. లోడు వైర్లలో పడే వోల్టేజీ కూడా సెల్ ఖాతాలో పడిపోతే కొలత తప్పొస్తుంది. ఈ నాలుగు వైర్ల పద్ధతి తప్పనిసరి.

లోడు ఐదు ఓమ్‌ల సిరామిక్ రెసిస్టర్. గదిలో ఉన్నప్పుడు 4.12 వోల్టుల సెల్, లోడు తగిలించగానే 4.02కి దిగింది. రాత్రంతా మైనస్ 18లో ఉన్నాక అదే సెల్ లోడు లేకుండా 4.10 చూపించింది, లోడు తగిలించగానే 3.52! అంకె కాసేపు అక్కడే నిలబడి, తర్వాత మెల్లగా పైకి పాకింది. లోపలి రెసిస్టెన్స్ వల్ల పుట్టిన వేడే సెల్‌ను కాస్త వెచ్చబరిచింది. లోడు తీసేస్తే మళ్లీ నాలుగు దాటింది.

అంటే చలి చార్జిని తినేయదు. లోపలి ద్రవం చిక్కబడి, గ్రాఫైట్ పొరల్లోంచి లిథియం అయాన్లు బయటికి రావడం నెమ్మదించి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. అడిగినంత కరెంటు ఇవ్వబోతే వోల్టేజీ పడిపోతుంది, పరికరం "అయిపోయింది" అనుకొని ఆగిపోతుంది. పోయిన చలికాలం లేహ్ వెళ్లొచ్చిన మా బావ ఫోను సగం చార్జి ఉండగానే ఆగిపోయి, గదికొచ్చి కాసేపయ్యాక మామూలుగా వెలిగిందట. సంగతి ఇదే.

దీనివల్ల నా డిజైన్‌లో ఒక మార్పు చేశాను. ట్రాకర్‌కి ఐదు వోల్టులిచ్చే బూస్ట్ మాడ్యూల్‌కి ఒక గుణం ఉంది. సెల్ వోల్టేజీ తగ్గితే అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజీ ఇంకా పడుతుంది. అందుకే రెండు సెల్లను నాలుగు చేసి, అన్నిటినీ సమాంతరంగా కలిపాను. ఒక్కో సెల్ మీద భారం సగమైంది. ప్యాక్‌ను ట్రైపాడ్‌కి వేలాడదీయకుండా పొడుగు వైరుతో జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటాను. నా అనుభవంలో ఒంటి వెచ్చదనానికి మించిన హీటర్ లేదు.

జనవరి

అసలు ప్రమాదం చార్జింగ్‌లో ఉంది. సున్నా కింద లిథియం అయాన్ సెల్‌ను చార్జ్ చేస్తే అయాన్లు గ్రాఫైట్‌లోకి దూరలేక పైన లోహంగా పేరుకుంటాయి. ఆ నష్టం శాశ్వతం, లోపల షార్ట్ అయ్యే ముప్పు కూడా. డిశ్చార్జికి మైనస్ 20 దాకా అనుమతించే డేటాషీట్లు చార్జింగ్‌కి మాత్రం సున్నా దగ్గరే గీత గీయడానికి కారణం ఇది.

మనందరం వాడే చవక టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్‌కి ఈ సంగతి తెలియదు. చిప్‌లో ఉష్ణోగ్రత చూసే కాలు (పిన్) ఉంది కానీ, మాడ్యూల్‌పై దాన్ని గ్రౌండ్‌కి కలిపేస్తారు. అంటే ఆ కాపలా పనిచేయదు. చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే థర్మిస్టర్ (ఎన్‌టీసీ) కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి "అన్నా, పది కే ఎన్‌టీసీ ఉందా" అంటే డ్రాయర్‌లోంచి తీసిచ్చాడు. చిప్ మొదటి కాలును సన్న టిప్పుతో వేడిచేసి సూదితో లేపాను. ఐదు వోల్టుల నుంచి ఆ కాలికి 6.8 కే రెసిస్టర్, కాలి నుంచి గ్రౌండ్‌కి థర్మిస్టర్. కాలి వోల్టేజీ సప్లైలో 80 శాతం దాటినా, 45 శాతం కన్నా తగ్గినా చిప్ చార్జింగ్ ఆపేస్తుంది. బీటా 3950 థర్మిస్టర్‌తో లెక్కేస్తే ఇది సుమారు 4 డిగ్రీల కింద, 39 డిగ్రీల పైన ఆగుతుంది. మన ఎండాకాలానికి కూడా పనికొచ్చే హద్దులే.

థర్మిస్టర్‌కి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఐసు ముక్క ఆనించాను. కొంచెంసేపటికి చార్జింగ్ ఎర్ర లైటు ఆరిపోయింది. వేళ్ల మధ్య పట్టుకుంటే మళ్లీ వెలిగింది. ఎంత సంతోషమేసిందో! ఇప్పుడు థర్మిస్టర్ సెల్ ఒంటికి ఆనేలా వేడిని తట్టుకునే కాప్టన్ టేపుతో కట్టేశాను, గాలిలో వేలాడితే ఉపయోగం లేదు.

ఫ్రీజర్‌లోంచి తీసిన సెల్ పాజిటివ్ కొన చుట్టూ నిమిషంలో నీటి బొట్లు పడతాయి. కెమెరాకీ ఇదే గతి. బయటి చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చేముందే జిప్ కవర్లో మూసి, గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు. చార్జింగ్ ఆ తర్వాతే.

తలకి పెట్టుకునే టార్చికి ఆల్కలైన్ సెల్లు వద్దనుకున్నాను. వాటి లోపలిది నీటి ద్రావణం, చలికి బాగా నీరసిస్తాయి. అదే డబుల్ ఏ సైజులో దొరికే 1.5 వోల్టుల లిథియం సెల్లు మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ధర ఎక్కువే, రీచార్జ్ కూడా కావు. అయినా రాత్రి చీకట్లో వెలుగు విషయంలో పిసినారితనం పనికిరాదు.

విమానంలో విడి సెల్లు, పవర్ బ్యాంకు క్యాబిన్ సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్, విమానాల హద్దు 100 లోపే కాబట్టి ఇబ్బంది లేదు. విడి సెల్లకి ఒక్కోదానికి ప్లాస్టిక్ డబ్బీ కొన్నాను.

మిగిలిన పని వైర్లది. మామూలు పీవీసీ వైరు ఫ్రీజర్‌లో బిగుసుకుపోతోంది, జేబులోంచి ట్రైపాడ్ దాకా వెళ్లే వైరు అలా ఉంటే ట్రాకర్ కదిలిపోతుంది. సిలికాన్ వైరు తెచ్చి మార్చాక, మోటారుతో సహా మొత్తం సెట్టును ఫ్రీజర్‌లో రాత్రంతా నడిపి చూడాలి.