వేళ్లు మొరాయించాక ఆఫీసు కంప్యూటర్‌తో నా అనుభవం

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒక రకం కీళ్లవాతం) అని తేలే నాటికే పొద్దున పూట నా వేళ్లు బిగుసుకుపోతున్నాయి. నా పనేమో రోజంతా స్ప్రెడ్‌షీట్లలో అంకెలు నింపడం, మెయిళ్లు రాయడం. "చేతులకు శ్రమ తగ్గించే మంచి ఎర్గోనామిక్ కీబోర్డ్ కొనుక్కో" అని కనిపించిన ప్రతివాళ్లూ చెప్పారు. రోజువారీ పనులు తేలిగ్గా చేసుకునే దారులు చూపే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ మాత్రం అప్పుడే ఏదీ కొనొద్దన్నారు. ఏ పని చేస్తే ఎక్కడ నొప్పి పుడుతోందో కొన్నాళ్లు రాసి తెమ్మన్నారు.

రాసి చూస్తే మామూలు టైపింగ్‌తో పెద్ద ఇబ్బంది లేదని తేలింది. రెండు మూడు కీలు కలిపి నొక్కడం, మౌస్ బటన్ పట్టుకుని లాగడం, పొడుగు మెయిళ్లు రాయడం, ఇవే ప్రాణం తీస్తున్నాయి.

కీల సంగతికి పైసా ఖర్చు కాలేదు. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్‌లో ఒక బాక్స్ వస్తుంది చూడండి, అందరూ విసుక్కుని మూసేస్తారు, అదే స్టికీ కీస్. ఆన్ చేసుకుంటే కంట్రోల్ నొక్కి వదిలేసి, తీరిగ్గా సి నొక్కినా కాపీ అవుతుంది. తెలుగు టైపింగ్‌కి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరికలో ఖ, ఘ లాంటివీ విడి అచ్చులూ షిఫ్ట్‌తోనే వస్తాయి కాబట్టి అక్కడ ఇంకా హాయి. వేలు వణికి ఒకే కీ రెండుసార్లు పడితే రెండోదాన్ని వదిలేసే ఫిల్టర్ కీస్ కూడా పెట్టుకున్నాను. కాకపోతే అందులో రెండో నొక్కును పట్టించుకోని సమయం మరీ ఎక్కువ పెడితే 1100 కాస్తా 10 అయి కూర్చుంటుంది. లెక్కల పనిలో ఉన్నవాళ్లు దాన్ని చాలా తక్కువలో ఉంచుకోవాలి.

లాగడానికి మౌస్ సెట్టింగుల్లో క్లిక్‌లాక్ ఉంది. బటన్ కాసేపు నొక్కి వదిలితే పట్టుకున్నట్టే ఉండిపోతుంది, మళ్లీ క్లిక్ చేస్తే వదిలేస్తుంది. దానికి తోడు ట్రాక్‌బాల్, అంటే కదపకుండా పైనున్న బంతిని తిప్పి వాడే మౌస్ లాంటిది, ఆఫీసులో అడిగాను. వీటిలో బొటనవేలితో తిప్పేవి ఎక్కువగా కనిపిస్తాయి కానీ, బొటనవేలి కీలు నొప్పి ఉన్నవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బంతి మధ్యలో ఉండి, మిగతా వేళ్లతోనో అరచేతితోనో తిప్పేది నాకు నప్పింది.

డాక్టర్ లెటర్ జతచేస్తే ట్రాక్‌బాల్‌కి హెచ్‌ఆర్ వెంటనే ఒప్పుకుంది. టెన్షన్ అంతా మాటతో టైప్ చేసే దగ్గర వచ్చింది. "మైకులో చెప్పింది ఎక్కడికి పోతుంది?" అన్నారు ఐటీ వాళ్లు. కోపం వచ్చింది గానీ అడగాల్సిన ప్రశ్నే. విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వచ్చే వాయిస్ టైపింగ్ మన మాటను ఆన్‌లైన్ సర్వీసుకి పంపుతుంది. 2022లో విండోస్ 11కి వచ్చిన వాయిస్ యాక్సెస్ అలా కాదు, ఒకసారి సెటప్ అయ్యాక ఇంటర్నెట్ లేకుండా కంప్యూటర్‌లోనే మాటను గుర్తిస్తుంది. ఈ తేడా రాసి పంపాక అనుమతి దొరికింది. వాయిస్ యాక్సెస్‌లో "షో నంబర్స్" అని పలికితే తెర మీద నొక్కగలిగే ప్రతిదానికీ ఒక అంకె పడుతుంది, ఆ అంకె చెబితే క్లిక్ అయిపోతుంది.

అయితే రోజంతా మాటతోనే పని చేస్తే గొంతు పోతుంది. జీతాల వివరాలు నలుగురూ వినేలా చెప్పలేం, పాస్‌వర్డ్ అసలే చెప్పకూడదు. అందుకని వేళ్లు మొండికేసే పొద్దున పూట పొడుగు మెయిళ్లు నోటితో కానిచ్చేసి, అంకెల పని మధ్యాహ్నానికి పెట్టుకుంటున్నాను. ఈ వేళల మార్పుకు మా మేనేజర్‌ని ఒప్పించడం ట్రాక్‌బాల్ తెప్పించుకోవడం కన్నా కష్టమైంది, ఉపయోగం కూడా దానివల్లే ఎక్కువ.

ఇంకా తెగని చిక్కు ఆన్‌లైన్ మీటింగులు. మైకు అక్కడ బిజీ, నోట్స్ చెప్పి రాయించుకునే వీల్లేదు. ప్రస్తుతానికి నా బదులు పక్క సీటు ఆవిడే రాస్తున్నారు.