కెడిల్‌స్టన్‌లో జీరంగి

కెడిల్‌స్టన్ హాల్ అనే పాత బంగళా చూద్దామని బయల్దేరి, ఇంగ్లండ్‌లోని డెర్బీ బస్టాండులో నలభై నిమిషాలు నిలబడ్డాం. రావాల్సిన బస్సు రాలేదు, ఎందుకు రాలేదో చెప్పేవాళ్లూ లేరు. జూన్‌లో కూడా చలిగాలి. లెస్టర్ నుంచి వచ్చిన రైలు ఖర్చు అప్పటికే గుచ్చుతోంది. బస్సుకి 3 పౌండ్లు, బంగళా టికెట్టు నా గంట జీతం కంటే ఎక్కువ. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిచ్చే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లం ప్రతి ఖర్చునూ గంటల్లోనే లెక్కేసుకుంటాం. వెనక్కి పోదామని రూమ్మేట్ బ్యాగు భుజానికి వేసుకుంది. అప్పుడొచ్చింది బస్సు.

కెడిల్‌స్టన్ హాల్ దూరం నుంచే కనిపిస్తుంది. చెరువు, వంతెన, గొర్రెలు మేసే పచ్చిక, ఆ వెనక స్తంభాల బంగళా. 1759లో నథానియల్ కర్జన్ కట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కడ ఒక ఊరుండేది. చూపుకి అడ్డమని దాన్ని అక్కడినుంచి ఎత్తేశారు. పాత చర్చి ఒక్కటే బంగళా గోడ పక్కన మిగిలింది. మల్లన్నసాగర్‌లో మునిగిన మా మేనత్త ఊరు గుర్తొచ్చింది. అక్కడ నీళ్ల కోసమన్నారు. ఇక్కడ కిటికీలోంచి చూడ్డానికి అందంగా ఉండాలని! నాకు చాలా కోపం వచ్చింది.

లోపల మార్బుల్ హాల్‌లో 20 అలబాస్టర్ రాతి స్తంభాలు. బాగున్నాయి, కాదనను. కలకత్తాలో గవర్నర్ జనరల్ బంగళాను ఈ ఇంటి నమూనా మీదే కట్టారు. నాకు మాత్రం అక్క చదివిన కోఠి విమెన్స్ కాలేజీ మెట్లు, వాటికి అటూ ఇటూ ఉన్న సింహాలే కళ్లముందు మెదిలాయి. మిగతా గదుల్లో బొమ్మలూ పరుపులూ చూస్తూ త్వరగానే నడిచేశాం.

కింద ఈస్టర్న్ మ్యూజియంలో ఆగిపోయాను. 1899 నుంచి 1905 దాకా ఇండియా వైస్రాయ్‌గా ఉన్న జార్జ్ కర్జన్ ఈ ఇంటివాడే. ఆయన మన వైపు నుంచి తెచ్చుకున్న వస్తువులు అక్కడున్నాయి. ఆయన 1902లోనే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర బేరార్ ప్రాంతాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మరుసటి జనవరిలో ఢిల్లీ దర్బారు. అందులో ఆయన భార్య మేరీ తొడుక్కున్న గౌను ఇక్కడ అద్దాల పెట్టెలో ఉంది. గౌను నిండా నెమలి ఈకలు, అన్నీ జరీతో కుట్టినవే. ఒక్కో ఈక కన్నులో పచ్చగా ఏదో మెరుస్తోంది. పచ్చలేమో అనుకున్నాను.

దగ్గరికి వెళ్లి చూస్తే జీరంగి పురుగు రెక్కలు!

చిన్నప్పుడు వానలు పడగానే తుమ్మచెట్ల కింద జీరంగుల కోసం వెతికేవాళ్లం. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేవాళ్లం. చచ్చిపోతే రెక్కలు పుస్తకంలో దాచుకునేదాన్ని. ఆ రంగు వెలవదు. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా వెలవలేదని ఆ గౌను ముందు నిలబడి చూశాను.

ఎంబ్రాయిడరీ ఢిల్లీలో మన పనివాళ్లు చేశారు, ఆ బట్టను పారిస్ పంపితే వర్త్ కంపెనీ గౌనుగా కుట్టింది. గదిలో ఉన్న పెద్దావిడను, కుట్టిన మనుషుల పేర్లు తెలుసా అని అడిగాను. "తెలియదమ్మా, నాక్కూడా తెలుసుకోవాలనే ఉంది," అంది. నిజంగానే బాధపడుతూ అంది. ఆవిడ మీద కోపం రాలేదు.

మా అమ్మ సిద్దిపేటలో మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లి జాకెట్టు ఒకటి పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది, అయినా ఫోటోల్లో పేరు బొటిక్‌దే. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని అమ్మకు ఫోటోలు పంపి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోటోను పెద్దది చేసి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"రెక్కకు రంధ్రం పొడిస్తే పగులుతది కదా బిడ్డా, ఎట్ల కుట్టిన్రు? వెనక దిక్కు ఫోటో తియ్యలేదా?"

బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. రూమ్మేట్‌ను బెంచీ మీదే ఉండమని చెప్పి, టికెట్టు చేత్తో పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను.