టోపీ ఆంటీ, నా పది నిమిషాల టాక్

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

ఇవాళ చర్చిలో నల్లజాతి చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడాల్సింది పద్దెనిమిది నిమిషాలు లాగాను. పాస్టర్ గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. అయినా ఎవరూ లేచి కాఫీకి పోలేదు, అది చాలు నాకు.

అసలు ఈ టాక్ నా మెడకు చుట్టుకుంది నా తెలివితక్కువతనం వల్లే. ఫిలడెల్ఫియా శివారులో మేం వెళ్ళే మెథడిస్ట్ చర్చిలో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. నల్లజాతి కుటుంబాలు నాలుగో అయిదో, తెలుగువాళ్ళం మేమొక్కరం. ఆ కుటుంబాల్లో ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం ఒక కొత్త టోపీతో వస్తారు. మా అమ్మాయి ఆవిడకి 'టోపీ ఆంటీ' అని పేరు పెట్టింది. జనవరి మీటింగ్‌లో బ్లాక్ హిస్టరీ నెలకి (నల్లజాతి చరిత్రను తలుచుకునే నెల, ఇక్కడ ఫిబ్రవరిలో వస్తుంది) ఎవరు మాట్లాడాలి అనే మాట రాగానే, నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఆంటీని అడుగుదాం" అనేశాను. అడిగే పని కూడా నాకే పడింది.

ఆవిడ నవ్వారు. "హనీ, నేను నలభై ఏళ్ళు లెక్కలు చూసినదాన్ని. ఇక్కడ ఫైనాన్స్ కమిటీలో ఉంటానని రెండుసార్లు చెప్పాను, తీసుకోలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి మాత్రం అందరికీ హిస్టరీ టీచర్‌లా కనబడతాను" అన్నారు. కోపంగా అనివుంటే బాగుండేది. నన్ను ఇంటర్నేషనల్ సండేకి సమోసాలు తెమ్మంటారు. నాకు సమోసా చుట్టడమే రాదు, ఇండియన్ స్టోర్‌లో కొని పట్టుకెళ్తాను, లోపల లోపల గొణుక్కుంటాను. నా విషయంలో అంత బాగా తెలిసిన సంగతి ఆవిడ విషయంలో తట్టనే లేదు.

"చరిత్ర మీ ఊళ్ళోనే ఉంది. వెళ్ళి చూసి నువ్వే చెప్పు" అన్నారు.

వెళ్ళాను. ఫిలడెల్ఫియా నాలుగో వీధిలో సెయింట్ జార్జెస్ మెథడిస్ట్ చర్చి ముందు చలిలో చాలాసేపు నిలబడ్డాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రిచర్డ్ అలెన్ అనే నల్లజాతి ప్రసంగీకుడు అక్కడ తెల్లవారి అయిదు గంటలకే ప్రసంగం చేసేవాడట. బానిసగా పుట్టి, కట్టెలు కొట్టి, బండి తోలి, డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న మనిషి. ఆయన మాట వినడానికి నల్లవాళ్ళు ఎక్కువగా వస్తుంటే వాళ్ళని మొదట గోడ వారకు జరిపారు, తర్వాత పైన గ్యాలరీకి పంపారు. ఆ గ్యాలరీ కట్టడానికి, కొత్త నేల వేయడానికి వీళ్ళూ చందాలిచ్చారు! ఒక ఆదివారం అందరూ మోకాళ్ళ మీద ఉండగా ఒక ట్రస్టీ (చర్చి పెద్ద) వచ్చి, ఇక్కడ కాదంటూ అలెన్ తోటివాడు అబ్సలోం జోన్స్‌ను పట్టి లేపబోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నాడాయన. ఆగలేదు. ప్రార్థన ముగిశాక వీళ్ళంతా కలిసి బయటికి నడిచి వెళ్ళిపోయారు. ఇది జరిగింది 1787లో అని చాలాకాలంగా చెబుతూ వచ్చారు, కొందరు చరిత్రకారులు 1792 అంటారు.

నాకు ఆ మోకాళ్ళ దగ్గరే గొంతు పట్టుకుంది. మా ఊళ్ళో ప్రార్థనలో ఉన్నవాళ్ళని ఇంటికి నిప్పంటుకున్నా కదపరు.

జోన్స్ ఎపిస్కోపల్ అనే వేరే క్రైస్తవ శాఖలోకి వెళ్ళాడు. అలెన్ మాత్రం మెథడిస్ట్‌గానే ఉండిపోయాడు. వెళ్ళిపోయింది ఆ భవనంలోంచే కానీ ఆ విశ్వాసంలోంచి కాదు. ఆరో వీధిలో స్థలం కొని, ఒక పాత కమ్మరి కొలిమి కొట్టాన్ని గుర్రాలతో లాగించి అక్కడ పెట్టి, 1794లో దాన్నే చర్చి చేశాడు. ఇప్పటి మదర్ బెతెల్ చర్చి అదే స్థలంలో ఉంది, ఆయన సమాధి కూడా అక్కడే. ఆ చర్చి మీద అధికారం ఎవరిదని కోర్టు దాకా వెళ్ళాక, 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి వేరు సంఘమైంది.

అలెన్ కథ కొంతమందికి తెలుసు. 1939 సంగతి చెప్పినప్పుడే హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ ఏడు మూడు మెథడిస్ట్ శాఖలు ఒకటయ్యాయి. అయ్యి, నల్లవాళ్ళ సంఘాల్లో చాలావాటిని, అవి ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, సెంట్రల్ జ్యూరిస్‌డిక్షన్ అని విడిగా ఒక గంపలో వేశాయి. మా చర్చి బోర్డు మీద ఉన్న 'యునైటెడ్' అనే మాట 1968లో వచ్చింది, అప్పుడుగానీ ఆ విడి గంపను రద్దు చేయలేదు. ముందు వరుసలో తాతగారొకరు "అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను, నాకెవరూ చెప్పలేదే" అన్నారు. వెనక నుంచి "మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది" అని వినబడింది. టోపీ ఆంటీయే.

ఇంటికొస్తూ కారులో మా అమ్మాయి, "అమ్మమ్మ ఊళ్ళో కూడా రెండు చర్చిలున్నాయి కదా, ఎందుకు?" అంది. పాటల పుస్తకం ఒకటే, ప్రభువు ఒకడే, ఒకటి మాలపల్లెలో, ఇంకొకటి మాదిగపల్లెలో. క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడల్లా చూశాను, ఎప్పుడూ అడగలేదు. టాక్‌లో ఈ ముక్క ఉంచాలని రాసుకుని, ఉదయం బయల్దేరే ముందు కొట్టేశాను. టైం లేదని నాకు నేను చెప్పుకున్నాను. పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాను మరి.

కాఫీ దగ్గర ఆంటీ వచ్చి, "అలెన్ భార్య సారాను వదిలేశావు" అన్నారు. అంతే, మెచ్చుకోలు ఏమీ లేదు. ప్రసంగీకుల చిరిగిన బట్టలు బాగుచేయడానికి ఆడవాళ్ళని కూడగట్టింది ఆవిడే. చదివాను కూడా, చెప్పడం మర్చిపోయాను.

ఫైనాన్స్ కమిటీకి పేర్లు పంపమని రాత్రి మెయిల్ వచ్చింది. ఆంటీ పేరు టైప్ చేసి, ఆగి, చెరిపేసి, ముందు ఆవిడకే మెసేజ్ పెట్టాను: ఇంకా ఉద్దేశం ఉందా అని. జవాబు రాలేదు, పడుకుని ఉంటారు. పులిహోర తీసుకెళ్ళిన గిన్నె సింక్‌లో అలాగే ఉంది.