సీరియల్ అమ్మ వయసు

శనివారం. పొద్దున ఆరింటికే కాలేజీ బస్సు. పాప టిఫిన్ డబ్బా డైనింగ్ టేబుల్ మీదే వదిలేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెట్లు దిగిపోతోంది. డబ్బా పట్టుకుని వెనకాలే పరుగెత్తుతూ, "ఈ కాలం పిల్లలకి ఫోన్ తప్ప ఇంకేం కనపడదు!" అని వీధంతా వినపడేలా అరిచాను. ఫోన్ కాలేజీలోకి రానివ్వరు. బస్సెక్కే ముందు నా చేతిలో పెట్టి వెళ్లింది. అందులో ఆగి ఉన్నది ఫిజిక్స్ పాఠం.

పైకొచ్చేసరికి అత్తయ్య కాఫీ తాగుతూ నవ్వుతున్నారు. "అచ్చం ఏడున్నర సీరియల్లో తల్లిలా అరిచావే అమ్మాయ్."

ఆ మాట రోజంతా చెవిలో జోరీగలా తిరిగింది. అందుకే సాయంత్రం పప్పుకి పోపు పెట్టి, స్టవ్ ఆపేసి, ఆవిడ పక్కన కూర్చుని ఎపిసోడ్ మొత్తం చూశాను. మామూలుగా వంటింట్లోంచి వింటానంతే.

అందులోనూ ఒక ఇంటర్ పిల్ల ఉంది. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్, నోట్లో చూయింగ్ గమ్, గదిలోకి వస్తే చాలు వెనక గిటార్. పుస్తకం ముట్టుకోగా చూడలేదు. రికార్డు రాయదు, వీకెండ్ టెస్టు ఉండదు. తల్లికి ఎదురు చెప్పడం, అబ్బాయి మెసేజ్ వస్తే ఫోన్ దిండు కింద దాచడం, ఇవే పనులు. ముఖం మీద ఒక్క మొటిమ లేదు. మా ఇంట్లో రోజుకి రెండుసార్లు అద్దం ముందు పెద్ద చర్చ జరిగేది ఆ మొటిమ గురించే.

ఇక తల్లి పాత్ర. కూతురి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, అంతే. పెద్దరికమంతా చీరలో, ముడిలో ఉంది. సీరియల్లో వయసు ఏళ్లతో రాదు, చుట్టరికంతో వస్తుంది. కొడుక్కి పెళ్లవగానే జరీ అంచు వెడల్పవుతుంది, జుట్టు ముడిలోకి వెళ్తుంది, చెవుల పైన రెండు తెల్ల చారలు సున్నం కొట్టినట్టు వచ్చేస్తాయి. ముఖం మాత్రం అలాగే ఉంటుంది. బామ్మ అయితే జపమాలో శాపనార్థాలో, రెండిట్లో ఒకటి. ఇవాళ ఆ బామ్మ హాల్లోంచి మేడ మీదికి మూడుసార్లు ఎక్కి దిగింది. "దీనికి మోకాళ్ల నొప్పులు లేవేంటే?" అన్నారు అత్తయ్య, తన మోకాలికి జండూబామ్ రాసుకుంటూ.

హిందీ వాళ్లదీ ఇదే తంతు. 2000లో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మొదలైనప్పుడు స్మృతి ఇరానీకి 24 ఏళ్లు. తర్వాత కథని ఇరవై ఏళ్లు ముందుకి దూకించి, ఇరవైల్లో ఉండగానే ఆవిణ్ని ఎదిగిన పిల్లల తల్లిని చేసేశారు. అంతకంటే విడ్డూరం అవికా గోర్‌ది. మన దగ్గర 'చిన్నారి పెళ్లికూతురు'గా వచ్చిన 'బాలికా వధు' 2008లో మొదలైంది. పదకొండేళ్ల పిల్ల చేత చిన్నపిల్లలాగే చేయించారు, ఊరూరా ఏడ్చాం. అత్తయ్యకి ఇప్పటికీ ఆ పిల్లంటే ప్రాణం. బాల్య వివాహం తప్పని చెప్పిన ఆ పిల్లకే, 2011లో ఇంకా పద్నాలుగు నిండకుండానే, మరో సీరియల్లో పెళ్లీడు పిల్ల వేషమిచ్చి కోడల్ని చేశారు. ముప్ఫైకి దగ్గరపడిన వాళ్లు ఇంటర్ పిల్లలూ, పద్నాలుగు నిండని పిల్ల కోడలూ! నాకైతే నవ్వు రాలేదు.

నాకు నలభై మూడు. పోయిన దసరాకి బట్టల షాపులో లేత పసుపు చీర అడిగితే, కుర్రాడు దాన్ని పక్కకి జరిపి పెద్దంచు మెరూన్ చీర పరిచాడు. "మీ వయసుకి ఇది హుందాగా ఉంటుందండీ" అన్నాడు. నోరు మూసుకుని కొనుక్కొచ్చాను. ఇవాళ సీరియల్ తల్లి కట్టింది కూడా దాదాపు అదే రంగు. వాడికి ఆ కొలత ఎక్కడ దొరికిందో ఇప్పుడర్థమైంది. ఇంకా కోపమేంటంటే, చీర నాకు నప్పింది కూడా.

ఏడూ నలభైకి పాప వచ్చింది. రెండు జడలు, వేళ్ల నిండా ఇంకు. బ్యాగు తీయకుండానే సోఫాలో నానమ్మ భుజం మీద వాలిపోయింది. టీవీలో ఇంటర్ పిల్ల తల్లి మీద విరుచుకుపడుతోంది. తల్లి ముఖం మూడుసార్లు, మూడు పక్కల నుంచి, ఢాం ఢాం మంటూ.

"ఇది ఏ గ్రూపు నానమ్మా?" అంది కళ్లు మూసుకునే.

"గ్రూపేంటే?"

"ఎంపీసీనా, బైపీసీనా అని."

అత్తయ్య కాసేపు టీవీ వైపు చూసి, "సీఈసీ అయ్యుంటుంది, బోలెడు తీరికుంది" అన్నారు. సీఈసీ పిల్లలు వింటే కొడతారు. అప్పటికే పాప నిద్రపోయింది. ఆవిడ రిమోట్‌తో సౌండ్ తగ్గించారు, సీరియల్ మాత్రం ఆపలేదు. పెరుగన్నం కలిపి లేపి తినిపించాను. సగం నా చేత్తో, సగం నిద్రలో.

పదకొండవుతోంది. రేపు ఆదివారం కదా అని ఇనప మూకుడులో టీ డికాక్షన్ పోసి గోరింటాకు పొడి నానబెట్టాను. ఇందాక అద్దంలో చూసుకున్నాను. నా తెల్ల వెంట్రుకలు చారలుగా లేవు, ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. పెట్టుకోవాలో వద్దో పొద్దున చూద్దాం.