‘నేను’ అని చెప్పే పని

అమెరికా ఆసుపత్రుల్లో తొమ్మిదేళ్లుగా తెలుగు దుభాషిగా పనిచేస్తున్నాను. డాక్టరు ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనే చెప్పాలి. మా వృత్తిలో పద్ధతి అది. అందుకే “నా దగ్గరున్న వార్త మంచిది కాదు” అన్న మాట ఎందరో తెలుగువాళ్లకు నా గొంతుతోనే వినిపించింది.

ఆ రోజు గది బయటే ఒక కొడుకు నన్ను ఆపాడు. (గుర్తుపట్టే వివరాలు రాయకూడదు కాబట్టి రాయడం లేదు.) “అక్కా, క్యాన్సర్ అన్న మాట మాత్రం అమ్మ ముందు అనకండి. ఇన్‌ఫెక్షన్ అని చెప్పండి. తట్టుకోలేదు” అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ బరువంతా తానొక్కడే మోయాలని అతని తపన. కానీ మాట మార్చే హక్కు నాకు లేదు. “బాబూ, లోపల ఎవరేమన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే. మీ మనసులోది డాక్టరుగారికే చెప్పండి, నేను పక్కనే ఉంటాను” అన్నాను.

దాచడం మనవాళ్లకే అలవాటని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఇక్కడి డాక్టర్లూ దాచినవాళ్లే. 1961లో చికాగోలోని ఒక ఆసుపత్రి డాక్టర్లను అడిగితే, నూటికి 90 మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో ఇంకో ఆసుపత్రిలో అదే అడిగితే 97 మంది చెబుతామన్నారు. తర్వాత 2000లో, చెడు వార్తను రోగికి ఎలా చెప్పాలో డాక్టర్లకు నేర్పే ‘స్పైక్స్’ అనే ఆరు మెట్ల పద్ధతి వచ్చింది. అందులో మూడో మెట్టంటే నాకెంతో గౌరవం: ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందుగా రోగినే అడగాలి.

ఈ డాక్టరమ్మ అలాగే చేశారు. కొడుకు మాట పూర్తిగా విని, లోపలికి వచ్చి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. “పరీక్షల ఫలితాలు వచ్చాయి. వివరాలు మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?”

ఆవిడ దుప్పటి అంచు మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు. “వాడు మూడు రోజులుగా నా ముఖం చూసి మాట్లాడటం లేదు. నాకు తెలియదా? నాకే చెప్పమనండి.”

డాక్టరమ్మ క్యాన్సర్ అనే చెప్పారు, చుట్టూ తిప్పలేదు. చెప్పి ఆగారు. అలాంటి మౌనంలో ఊరట మాట ఏదో ఒకటి అనెయ్యాలని నా నాలుక ఇప్పటికీ తహతహలాడుతుంది. అనకూడదు. ఆ సమయం రోగిది.

కాసేపయ్యాక ‘పాలియేటివ్ కేర్’ ప్రస్తావన వచ్చింది. ‘ఉపశమన చికిత్స’ అన్నాను. ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. నా అంతట నేను వివరించకూడదు కాబట్టి, ఆ మాటను విడమరచి చెప్పమని డాక్టరమ్మను అడిగాను. “నొప్పి, ఆయాసం, వికారం తగ్గించే వైద్యం. క్యాన్సర్ మందులతో పాటే ఇవ్వవచ్చు” అన్నారు. అప్పటిదాకా నావైపే చూస్తున్న ఆవిడ, మొదటిసారి డాక్టరమ్మ వైపు తిరిగారు. “అయితే రాత్రిళ్లు నిద్ర పడుతుందా?”

తర్వాత కొడుకుతో, “ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చోరా” అన్నారు. ఆ మాటనూ ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ లేచి తన కుర్చీని అతనికి జరిపారు.