చిత్రం కింద ఉన్న ఏడాది

సివిల్స్‌కు హిస్టరీ ఆప్షనల్ తీసుకుని చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటున్న రోజుల్లో, ఒక మాక్ టెస్టులో ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా గీసిన ‘ప్రజలను నడిపించే స్వేచ్ఛ’ చిత్రాన్ని 1789 ఫ్రెంచి విప్లవానికి ముడిపెట్టి ఒకటిన్నర పేజీ రాశాను. దిద్దినవారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో ‘1830’ అని మాత్రం రాసి, పదిహేనుకు మూడు మార్కులు వేశారు.

అప్పటిదాకా ఆ చిత్రం కోవలోకి వచ్చే కళా ధోరణి రొమాంటిసిజం గురించి నా నోట్సులో ఉన్నవి భావావేశం, ప్రకృతి, హేతువాదంపై తిరుగుబాటు అన్న మాటలే. అవి ఏ బొమ్మకైనా అతుకుతాయి కనుక ఏ బొమ్మనూ వివరించవు. ఆ తరువాత సంఘటన ఎప్పుడు జరిగింది, బొమ్మ ఎప్పుడు గీశారు, దాన్ని ప్రదర్శించేనాటికి గద్దె మీద ఎవరున్నారు అన్నవి ప్రతి చిత్రం పక్కనా రాసుకోసాగాను.

మరో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో గీసిన ‘మెడ్యూసా తెప్ప’ దగ్గర ఈ అలవాటు బాగా అక్కరకు వచ్చింది. 1816 జూలైలో ఆ పేరుగల ఫ్రెంచి నౌక ఆఫ్రికా పశ్చిమ తీరాన ఇసుక మేటలో చిక్కుకుంది. ఇరవై ఏళ్లకు పైగా సముద్రం మీదికి సరిగా వెళ్లని కెప్టెన్‌కు ఆ పదవి దక్కింది ఫ్రాన్సును ఏలుతున్న బూర్బన్ రాజవంశం పట్ల విధేయత వల్లనే. పడవలు చాలక సుమారు 147 మందిని తెప్ప మీదికి దించి, దాన్ని లాగుతున్న తాళ్లను విడిచిపెట్టేశారు. పదమూడు రోజుల తరువాత ప్రాణాలతో దొరికినవారు 15 మంది. అదే వంశపు పద్దెనిమిదో లూయీ ఏలుతుండగా, 1819లో, జెరికో ఈ ఘోరాన్ని ‘నౌకాభంగ దృశ్యం’ అనే అమాయకపు పేరుతో, దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల వెడల్పున పారిస్‌లో ప్రదర్శించాడు. రాజులకూ దేవతలకూ కేటాయించే కొలత దిక్కులేనివారికి దక్కింది. కింది శవాల నుంచి చూపు ఎక్కుతూ పోతే, అన్నిటికన్నా ఎత్తున నిలబడి గుడ్డ ఊపుతున్నది ఒక నల్లజాతి మనిషి. ఫ్రెంచి వలసల్లో అప్పటికింకా బానిసత్వం చెల్లుబాటులోనే ఉంది.

ఇక నా మార్కులు పోగొట్టిన చిత్రంలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషీ, పిస్తోళ్లు పట్టిన కుర్రవాడూ ఒకే బారికేడ్ దాటుతారు. ఆ బొమ్మ చూపే 1830 తిరుగుబాటుతోనే రాజైన లూయీ ఫిలిప్ ప్రభుత్వం దాన్ని 3000 ఫ్రాంకులకు కొని, కొద్దికాలానికే జనం కంటపడకుండా చేసింది. నా దృష్టిలో జవాబులో చెప్పదగ్గది బొమ్మ అందం కన్నా ఆ దాచివేతే.

స్పెయిన్ చిత్రకారుడు గోయా ‘మే 3’ చిత్రంలో, ఫ్రెంచి సైనికులు మాడ్రిడ్ వాసులను కాల్చి చంపిన సంఘటన 1808 నాటిది, బొమ్మ 1814 నాటిది. ఆ ఆరేళ్ల ఎడం ఎందుకని ఆరా తీస్తే, ఫ్రెంచివారి ఏలుబడిలోనూ కొలువు వదలని చిత్రకారుడు, వారు వెళ్లిపోయాక ఈ బొమ్మ గీస్తానని తానే ముందుకు వచ్చాడని తెలుస్తుంది.