ధర్మాబాద్ రేగడి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పార్కింగ్ స్థలం కడుతున్నాం. వాన వెలిసిన మూడో రోజు, పైన ఆరింది కదా అని రోలరు దింపాను. తొందర నాదే. నల్లరేగడి పరుపులా కుంగి, పక్కకు ఉబికింది. మేస్త్రీ తెలుగులోనే అన్నాడు: "దీని కడుపులో నీళ్లున్నాయి సారూ, ఎంత తొక్కినా ఇంతే."

తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల ఇది. 18 అంగుళాలు తవ్వి బురద తీశాం. కింది మట్టిలో సున్నం కలిపి, నాలుగు రోజులు ఆగి, మొరం పొరలుపొరలుగా పరిచి తొక్కించాం. నీటి కాలువ ముందే తవ్వి ఉంటే ఇంత ఖర్చు ఉండేది కాదు. యజమానేమో రోజూ ఫోను చేసి టైల్స్ రంగు గురించే మాట్లాడతారు!

నిన్న నిండు టిప్పరును నడిపించి చూశాం. నేల కదల్లేదు. రాత్రి మళ్లీ మబ్బు పడితే పరుగున వెళ్లి టార్పాలిన్లు కప్పి వచ్చాను.